ఎడమకి తిరిగిన గేరు బుడిపె

ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ తలుపులు మూసేసి, వెనక రేకుల షెడ్డులో నిలబెట్టిన పికప్ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చేతిలో పానా, ఒళ్ళో పాత తువ్వాలు, కాళ్ళ దగ్గర గిన్నెలో కాస్త కిరసనాయిలు. పని చిన్నదే. గేరు రాడ్డు మీదుండే బుడిపెను విప్పి, దాని ముఖం ఎడమ నుంచి కుడికి తిప్పి, మళ్ళీ బిగించాలి. చిటికెలో పని అన్నాడు మెకానిక్కు. "బండి ఇక్కడే ఉంచు అక్కా, నేను చేసిపెడతా" అని కూడా అన్నాడు. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనని చెప్పి వచ్చేశాను. పాపం, అతని తప్పేమీ లేదు. ఈమధ్య నాకు కోపం ముక్కు మీదే ఉంటోంది, ఎవరు ఎదురుపడితే వాళ్ళ మీద పడుతోంది.

ఈ బుడిపె గుండ్రంగా ఉండే రకం కాదు. ఒక పక్క ఏటవాలుగా ఉండి అరచేతికి ఆనుతుంది, అదే దాని ముఖం; రెండో పక్క వేళ్ళు ఇమిడే గాట్లుంటాయి. పైన గేర్ల అంకెలు చెక్కిన చిన్న బిళ్ళ. ఏ బండిలోనైనా దాని ముఖం డ్రైవరు వైపే ఉంటుంది. మా బండిలో మాత్రం పక్క సీటు వైపు ఉంటుంది. బుడిపెతో పాటు అంకెల బిళ్ళ కూడా తిరిగిపోయింది కాబట్టి, దాని మీది గీతల్ని నమ్ముకుని ఎవరైనా బండి తీస్తే మొదటి గేరు కోసం తలుపులోంచి బయటికి పోవాల్సిందే. మాకు ఆ గీతలతో పని ఉండేది కాదు. మా బండి నడపడానికి ఇద్దరం కావాలి. స్టీరింగు, క్లచ్చి, బ్రేకు మా అక్కవి. గేర్లు నావి.

అక్క ఒకసారి తడి దుప్పట్ల మూట దించుతూ ఎడమ భుజం పట్టేయించుకుంది. చెయ్యి స్టీరింగు మీద ఆనించి ఉంచగలదు గానీ, పక్కకి చాపితే ప్రాణం పోయేది. డాక్టరు విశ్రాంతి అన్నాడు. ఆసుపత్రి వాళ్ళ దుప్పట్లకి, లాడ్జీల దిండు గలీబులకి విశ్రాంతి సంగతి తెలియదు కదా. "నువ్వొచ్చి పక్కన కూర్చోవే. నేను క్లచ్చి తొక్కుతా, నువ్వు గేరు మార్చు" అంది అక్క. అప్పటిదాకా నాకు ఇస్త్రీ గదే లోకం. అమ్మ పోయాక మనుషుల ముఖం చూడాలంటేనే చిరాకొచ్చి, ఆ గదిలో ఆవిరి మధ్య ఉండిపోయాను. ఎవరైనా గుడ్డలివ్వడానికి వస్తే చేతులు మాత్రమే బయటపెట్టి అందుకునేదాన్ని. అలాంటిదాన్ని తీసుకుపోయి నడిరోడ్డు మీద అద్దం వెనకాల కూర్చోబెట్టింది అక్క. భుజం నొప్పి కాబట్టి కాదనలేకపోయాను. బుడిపె గాట్లు నా కుడిచేతి వేళ్ళకి అందేలా దాన్ని నా వైపు తిప్పి బిగించింది కూడా అక్కే.

క్లచ్చి తొక్కగానే అక్క "ఊ" అనేది. నేను గేరు మార్చేదాన్ని. ఏ గేరో చెప్పేది కాదు. ఇంజను చప్పుడును బట్టి, ఎదురుగా ఉన్న రోడ్డును బట్టి నాకే తెలియాలి. మొదట్లో నానా తంటాలు పడ్డాం. ఒకసారి సిగ్నలు దగ్గర ముందుకి పోవాల్సిన బండిని వెనక్కి తోలాం. వెనక కారాయన దిగొచ్చి పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. పోనుపోను కుదిరింది. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులు మమ్మల్ని చూసినప్పుడల్లా, "ఏమ్మా, లైసెన్సు కుడి సీటుదా, ఎడమ సీటుదా?" అని ఆటపట్టించేవాడు. అక్క నవ్వేది. నేను అద్దంలోంచి చూపు తిప్పుకునేదాన్ని, కానీ ఆయన కనబడని రోజున నాకేదో వెలితిగా ఉండేది.

మేం పోట్లాడుకోని వారం లేదు. పోట్లాడుకున్న రోజున అన్నం ఎవరి గిన్నెలో వాళ్ళం తినేవాళ్ళం, మాటలుండేవి కావు. అయినా బండెక్కక తప్పదు, ఊ అనక తప్పదు. పొద్దున్న ఆ ఊ పొడిపొడిగా, తలుపు దడాలున వేసినట్టు వచ్చేది. నేనూ అంతే విసురుగా గేరు వేసేదాన్ని. ఆసుపత్రి నుంచి లాడ్జీలకి, లాడ్జీల నుంచి ఇంటికి తిరిగేసరికి అది కాస్త కాస్త మెత్తబడేది. ఇంటి మలుపు దగ్గర ఊ ఎలా ఉందో వింటే చాలు, ఆ రాత్రి ఒకే గిన్నెలో తింటామో లేదో తెలిసిపోయేది.

అలా ఏళ్ళు గడిచాయి. అక్కకి చత్వారం వచ్చింది. గుడ్డల మూలల్లో కుట్టిన గుర్తులు ఆనడం లేదంటూ కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. కళ్ళజోడుతో పాటు మొగుణ్ణి కూడా తెచ్చుకుంది. జుట్టు నెరిశాక ఈ పెళ్ళేమిటని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. నేను నొక్కుకోలేదు. బావగారు మంచివాడు. నెమ్మదస్తుడు, మాట్లాడే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాడు.

పెళ్ళయి వెళ్తూ అక్క, "ఏమీ మారదే. రోజూ పొద్దున్నే వచ్చేస్తా. బండి తిప్పేసి మధ్యాహ్నానికి పోతా" అంది. కొన్నాళ్ళు వచ్చింది కూడా. ఆ తర్వాత బావగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ పైన షాపులో పనివాడు మానేశాడు. ఒకరోజు ఫోను చేసి, "ఈ ఒక్క వారం ఎవరినైనా పెట్టుకోవే" అంది. ఆ ఒక్క వారం సాగుతూనే ఉంది.

పెట్టుకున్నాను. అద్దె డ్రైవరు ఒకాయన వచ్చాడు. అతని పక్క సీట్లో నేను. అతను క్లచ్చి తొక్కగానే నా చెయ్యి దానంతటది పోయి బుడిపె మీద పడింది. నా చెయ్యి మీద అతని చెయ్యి పడింది. మనిషి కొయ్యబారిపోయాడు. నేను సంజాయిషీ చెప్పుకోబోయాను గానీ, ఏమని చెప్తాను? దించిన మూటలు దించినట్టే వదిలి మర్నాటి నుంచి రావడం మానేశాడు. నలుగురిలో ఏం చెప్పాడో ఏమో, ఆ తర్వాత వేరే డ్రైవరెవడూ దొరకలేదు.

ఇక గత్యంతరం లేక డ్రైవింగు స్కూల్లో చేరాను. మాస్టారు పెద్దమనిషి. "గేర్లు భేషుగ్గా వేస్తున్నారమ్మా, కాళ్ళే ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాయి" అనేవాడు. ఆయన చిన్న కారులో తిప్పలు పడి లైసెన్సు తెచ్చుకున్నాను. లైసెన్సు వచ్చిన రోజున అక్కకి ఫోను చేశాను. "మా అమ్మే" అంది. ఇంక నువ్వు రానక్కర్లేదా అని అడగాలనుకున్నాను, అడగలేదు. అడిగితే ఏం చెప్తుందోనని భయం.

మొదటిసారి పికప్ ఒంటరిగా తీసుకెళ్ళింది నిన్ననే. సందులు దాటాను, కూడలి దాటాను, కానిస్టేబులు నోరు తెరుచుకుని చూశాడు. ఆసుపత్రి దారిలో రైలు పట్టాల మీదుగా ఎత్తు వంతెన ఉంది. ఎక్కుతుండగా బండి మూలగడం మొదలెట్టింది. మూడులోంచి రెండుకి రావాలి. క్లచ్చి తొక్కాను. చెయ్యి బుడిపె మీద వేశాను. వేసి అలాగే ఉండిపోయాను. నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో నాకే తెలియలేదు. బండి ఆగింది, ఆ తర్వాత వెనక్కి జారడం మొదలెట్టింది. వెనకున్న బళ్ళన్నీ ఒక్క పెట్టున హారను కొట్టాయి. అప్పుడు తెలిసింది నాకు. ఊ కోసం చూస్తున్నాను.

బ్రేకు తొక్కి, చెమటలు కక్కుతూ ఎలాగో వంతెన దాటి, తిన్నగా మెకానిక్కు దగ్గరికే వెళ్ళాను. బండి వెనక్కి జారిందని చెప్పాను గానీ ఊ సంగతి చెప్పలేదు. అతను తలుపులోంచి తల దూర్చి బుడిపె చూసి నవ్వాడు. "ఇదేంటక్కా, దీని మొహం అటుంది? నీ వేళ్ళు గట్టున పడుతుంటే గేరెలా పడుద్ది? ఇటు తిప్పి బిగించు, అంతా సర్దుకుంటది" అన్నాడు. అంతా సర్దుకుంటుందట. అతనికి తెలిసింది బండి గురించే, దాని గురించి మాత్రం సరిగ్గానే చెప్పాడు. డ్రైవరు సీట్లోంచి ఎడమచేత్తో పట్టుకుంటే గాట్లు ఉండాల్సిన చోట అంచు వస్తుంది. బొటనవేలి మొదట్లో అప్పటికే బొబ్బ లేచింది.

అందుకే ఈ ఆదివారం ఈ పని పెట్టుకున్నాను. రాడ్డు మీది రబ్బరు తొడుగును కిందికి లాగితే, బుడిపె కింద దాన్ని కదలకుండా పట్టి ఉంచే నట్టు కనబడింది. తుప్పుతో బుడిపెకి అతుక్కుపోయి ఉంది. పానా పెట్టి కిందికి తిప్పబోతే జారి వేలి కణుపులు గీరుకుపోయాయి. ఇంకోసారి తిప్పితే పానా ఎగిరి అద్దానికి తగిలింది. దాన్నీ, దాన్ని బిగించినదాన్నీ కలిపి నాలుగు తిట్లు తిట్టాను. కిరసనాయిలులో గుడ్డ ముంచి నట్టు చుట్టూ చుట్టి, కదలకుండా కూర్చున్నాను. నానడానికి దాని టైము దానికి కావాలి. షెడ్డు బయట తీగల మీద దుప్పట్లు ఆరుతున్నాయి. అక్క ఉంటే ఈపాటికి, "తిట్టింది చాలు, కాస్త నూనె పొయ్యి" అనేది. షెడ్డులో నా ఊపిరి నాకే వినిపిస్తోంది. ఇంటికి పోయినా ఇంతే. ఈమధ్య రాత్రిళ్ళు వాషింగు మిషను ఖాళీగా తిప్పుతున్నాను, చప్పుడు కోసం.

నట్టు చివరికి కిర్రుమంటూ కదిలింది. బుడిపెకి తువ్వాలు చుట్టి రెండు చేతులతో పట్టి తిప్పితే మర విప్పుకుంటూ పైకి వచ్చి, ఊడి నా ఒళ్ళో పడింది. రాడ్డు బోసిగా నిలబడింది. దాని మర చుట్టూ తెల్లటి పట్టీ చుట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. దుప్పట్ల అంచులకి మేం వేసే నాడా. బుడిపె ఎడమకి తిరిగిన చోటే గట్టిగా నిలవాలని అక్క మర మీద నాడా చుట్టి మరీ బిగించింది. చుట్టు మీద చుట్టు, ఎక్కడా మడత లేకుండా ఉంది. అక్క ఏ పని చేసినా అంతే. నాడాను గోటితో లాగి చుట్లన్నీ విప్పేశాను. పారెయ్యబోయి జేబులో పెట్టుకున్నాను.

ఇనుప బ్రష్షుతో మర రుద్ది, తుప్పు తుడిచి, ఒక చుక్క నూనె వేసి, బుడిపెను మళ్ళీ ఎక్కించాను. తిప్పుతూ తిప్పుతూ దాని ముఖం నా వైపుకి వచ్చేదాకా తెచ్చాను. ఎడమచెయ్యి వేసి చూశాను. వేళ్ళు గాట్లలో ఒద్దికగా కూర్చున్నాయి. ఇక నట్టును పైకి తెచ్చి బుడిపెకి ఆనించి పానాతో ఒక్క పట్టు పడితే పని అయిపోతుంది. నట్టును వేళ్ళతో ఆనించాను. పానా తీసుకున్నాను. తీసుకుని, మళ్ళీ కింద పెట్టేశాను.

దాచుకోవడమెందుకు, ఉన్నమాట చెప్తాను. పానాతో బిగిస్తే అక్క ఇంక రాదని నేనే ఒప్పుకున్నట్టవుతుందని అనిపించింది. రేపు అక్క వచ్చి ఈ సీట్లో కూర్చుంటానంటే నేను అటు వెళ్ళాలి, బుడిపె నా వైపు తిరగాలి. ఎటు తిరగాలో అక్కే చెప్పాలి. బండి తీసుకుని అక్క ఇంటికే వెళ్తాను, చేతికి పానా ఇస్తాను, ఎటు బిగిస్తుందో చూస్తాను. ఫోనులో అడగలేని మాట అది. మంకుపట్టని తెలుసు. పానా ఎప్పటిలాగే సీటు కింద పడేసి, రబ్బరు తొడుగు పైకి లాగి, దిగిపోయాను.

సోమవారం పొద్దున్నే మూటలు ఎక్కించి బయల్దేరాను. వీధి చివరికి వెళ్ళేసరికే బుడిపె నా చేతిలో మెలికలు తిరగడం మొదలెట్టింది. గేరు వేసినప్పుడల్లా దాన్ని ముందు నా వైపు తిప్పుకోవాలి. వదిలితే కాస్త కాస్తగా మళ్ళీ ఎడమకే పోతోంది. అలవాటు పడిన ముండ అనుకున్నాను, నన్నో దాన్నో తెలియదు. వంతెన ఎక్కుతుండగా మూడులోంచి లాగాను. బుడిపె ఊడి నా చేతిలోకి వచ్చేసింది. ఆ క్షణాన ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దాన్ని ఒళ్ళో పడేసి, బోసి రాడ్డు పట్టుకుని రెండులోకి లాగాను. పడింది. ఊ కోసం చూసే తీరిక కూడా దొరకలేదు.

ఆసుపత్రిలో మూటలు దించేసి, అక్క ఇంటి ముందు బండి ఆపాను. బావగారు షాపు తెరవబోతూ తాళాల గుత్తితో మెట్ల మీదే ఉన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఒక్కరే వచ్చారా మరదలుగారూ?" అన్నాడు.

"వెనక మూటల్లో ఎవరూ లేరండీ, చూసుకోండి" అన్నాను.

ఆయన నవ్వి, "మీ అక్కకి చెప్తానుండండి, కాళ్ళు నేల మీద నిలవవు" అంటూ లోపలికి వెళ్ళాడు. అక్క తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. చిక్కిందేమోనని చూశాను. చిక్కలేదు. కాస్త ఒళ్ళు చేసింది, చక్కగా ఉంది. నా గుండె చివుక్కుమంది. నేను బుడిపెను చూపిస్తే అక్క పకపకా నవ్వింది.

"చేత్తో పట్టుకొచ్చావేమే దీన్ని?"

"ఊడొచ్చింది. బిగించి పెట్టు" అన్నాను. "నీకే తెలుసుగా అది."

అక్క డ్రైవరు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. నేను చుట్టూ తిరిగి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, నా పాత సీట్లో కూర్చున్నాను. ఎన్నాళ్ళయింది అలా కూర్చుని. అక్క భుజం అటు, నా భుజం ఇటు, మధ్యలో రాడ్డు. ఇంకేమీ వద్దు, ఇలాగే ఎటైనా పోదామని నాలుక చివరిదాకా వచ్చింది. అక్క బుడిపెను మర మీద ఎక్కించి చేత్తో తిప్పింది. ఎడమకి తిప్పుతుందా, కుడికా అని చూస్తున్నాను. అక్క దాన్ని సగంలోనే ఆపి, ముందు గేర్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామనుకుంది కాబోలు, క్లచ్చి తొక్కింది.

నా చెయ్యి లేచింది. అది బుడిపెను చేరేలోపే అక్క ఎడమచెయ్యి అక్కడుంది. ఒకటి వేసింది. రెండు వేసింది. చెయ్యి బారుగా చాపి మూడు, నాలుగు, మళ్ళీ వెనక్కి లాగి రివర్సు. ఎక్కడా అటకాయింపు లేదు, ముఖంలో నొప్పి లేదు. ఏళ్ళ తరబడి ఆ చేత్తోనే గేర్లు వేస్తున్న మనిషిలా వేసింది. ఊ అనలేదు.

"భుజం?" అన్నాను.

అక్క చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా తనేం చేస్తోందో తను చూసుకోలేదనుకుంటాను.

"తగ్గిపోయిందే" అంది.

"ఎప్పుడు?"

"ఎప్పుడో."

"ఎప్పుడో అంటే? ఇక్కడికొచ్చాకా, రాకముందా?"

అక్క అద్దంలోంచి ఎదురు గోడను చూస్తూ కూర్చుంది. "నువ్వు కూడలిలో కానిస్టేబుల్ని చూసి మొదటిసారి నవ్వావు గుర్తుందా? ఆ ఏడే తగ్గింది" అంది.

అంటే మొదటి ఏడాదే. ఆ తర్వాత ఎన్నేళ్ళు తిరిగాం మేం ఈ బండిలో. ఎన్ని వేల ఊ-లు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి ఎందుకు చెప్పలేదు? నన్ను పక్కన కూర్చోబెట్టి ఆడించావా ఇన్నాళ్ళూ? నేను గేరెయ్యకపోతే బండి కదలదని నమ్మానే నేను. జ్వరమొచ్చినా ఎక్కాను."

"చెబితే నువ్వేం చేసేదానివో చెప్పు" అంది అక్క. గొంతు పెంచలేదు. "మళ్ళీ పోయి ఆ ఇస్త్రీ గదిలో తలుపేసుకునేదానివి. చేతులు తప్ప ఏమీ కనబడనిచ్చేదానివి కాదు. నా భుజం బాగాలేదంటేనే కదే నువ్వు బయటికొచ్చింది."

కాదనడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపమొచ్చింది.

"అంత తెలిసినదానివి నన్ను సగం డ్రైవర్ని చేసి ఎలా వదిలేసి వెళ్ళావు మరి?" అన్నాను. "సగం బండి నీ దగ్గరుంటే నేనేం నడుపుకోను?"

"తప్పే" అంది అక్క. "రోజూ వస్తానన్నాను చూడు, అదీ తప్పే. రాగలనో లేదో చూసుకోకుండా అనేశాను. ఇవాళ నువ్వొక్కదానివే వంతెన దాటి ఇంత దూరం వచ్చావు కదా. ఇంకెక్కడి సగమే?"

"నిన్ను తీసుకుపోదామని వచ్చాను" అన్నాను. ఎట్టకేలకి అనేశాను.

అక్క నా ముఖంలోకి చూసింది. కొత్త కళ్ళజోడు వెనక కళ్ళు పెద్దవిగా కనబడ్డాయి, నీళ్ళు తిరిగి ఉన్నాయి. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. సీటు కింద తడిమి పానా తీసింది. బుడిపెను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ముఖం డ్రైవరు సీటు వైపు తిప్పింది. కదలకుండా పట్టుకునే, నట్టును పైకి తెచ్చి, పానా పెట్టి, పళ్ళ బిగువున ఒక్క పట్టు పట్టింది. ఊపి చూసింది. కదల్లేదు. రబ్బరు తొడుగు పైకి లాగి, దాని మడతలు సర్ది, దిగిపోయింది.

నేను ఆ సీట్లోనే కూర్చుని ఉన్నాను. ఎదురుగా బుడిపె, వీపు నా వైపు పెట్టి. అక్క బండి చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీసింది.

"దిగవే. అటు ఎక్కు. ఈ పూట లాడ్జీ గలీబులున్నాయి నీకు" అంది. దిగుతుంటే భుజం మీద చెయ్యి వేసింది, ఆ ఎడమచెయ్యే. "ఆదివారం రా. బావగారు నిన్ను అడుగుతుంటారు. బండిలో రా, ఆటోలో రాకు."

ఒకప్పుడైతే చెయ్యి విదిలించుకునేదాన్ని. ఇప్పుడు విదిలించుకోలేదు. కాసేపు ఉండనిచ్చి, అటు వెళ్ళి ఎక్కాను. జేబులో నాడా గుర్తొచ్చి తీసి ఇద్దామా అనుకున్నాను, ఇవ్వలేదు. బండి తీస్తుంటే అక్క గుమ్మంలో నిలబడి నా చేతి వైపే చూస్తోంది, ముఖం వైపు కాదు. మొదటి గేరు సరిగ్గానే పడింది.

దారంతా అక్కని తిట్టుకుంటూ వచ్చాను. అబద్ధాలకోరు, జగమొండి, మొగుడు రాగానే మాట తప్పింది, అని నాకు వచ్చినవన్నీ. తిట్లు అయిపోయాయి. పక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీది రెక్సిను నేను కూర్చునే చోట నలిగి గుంట పడి ఉంది. అటు వైపు నుంచి చూస్తే ఎన్నడూ కనబడనిది, డ్రైవరు సీట్లోంచి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అక్క ఇన్నేళ్ళూ ఇది చూస్తూ నడిపిందన్నమాట, దాంట్లో నన్ను పెట్టుకుని. భుజం మంచిదై ఉండి కూడా, చెయ్యి ఊరికే స్టీరింగు మీద పెట్టుకుని.

వంతెన వచ్చింది. ముందు లారీ నత్తనడక నడుస్తోంది. బండి మూలగడం మొదలెట్టింది. మూడులోంచి రెండుకి రావాలి. క్లచ్చి తొక్కాను. చెయ్యి బుడిపె మీద పడింది, వేళ్ళు గాట్లలో ఇమిడాయి. మళ్ళీ అదే జరిగింది. చెయ్యి కదల్లేదు. బండి ఆగడానికి వచ్చింది. వెనకెవరో అప్పుడే హారను కొట్టారు.

"ఊ" అన్నాను.

పైకే అన్నాను. నా గొంతు నాకు కొత్తగా వినబడింది. ఇన్నేళ్ళలో ఈ బండిలో ఆ మాట నేనెప్పుడూ అనలేదు. చెయ్యి వెనక్కి లాగింది, రెండు పడింది, బండి లారీ వెనకాల నెమ్మదిగా ఎక్కడం మొదలెట్టింది. వంతెన దిగాక మూడు, ఆ పైన నాలుగు. ప్రతిసారీ అన్నాను. కూడలి దగ్గర కానిస్టేబులు చెయ్యి ఎత్తి ఆపి, ఖాళీ సీటు వైపు చూసి, "పెద్దమ్మగారు రాలేదేమ్మా?" అని అడిగాడు. ఇంట్లో ఉందని చెప్పాను. ఆయన చెయ్యి దించాక ఊ అనుకుని బండి తీశాను.